మక్కా బాణాల నుంచి మాల్ యంత్రాల దాకా: ఆట ఎక్కడ ఆగుతుంది, జూదం ఎక్కడ మొదలవుతుంది?

జూదం అనగానే మన తెలుగువాళ్ళకి మొదట గుర్తొచ్చేది భారతమే. సభాపర్వంలో ధర్మరాజు పాచికలకు రాజ్యాన్నీ తమ్ముళ్ళనీ ద్రౌపదినీ ఒడ్డటం, అరణ్యపర్వంలో నలుడు పుష్కరుడి చేతిలో ఓడి కట్టుబట్టలతో అడవి పట్టటం చిన్నప్పుడు అమ్మమ్మల నోట విన్నాం, తర్వాత నన్నయగారి పద్యాల్లో చదువుకున్నాం. జూదమంటే పెద్దవాళ్ళ వ్యసనమనీ, పిల్లలున్న చోటికి రాదనీ అనుకుంటూ పెరిగాం.

ఈ దేశానికి వచ్చాక మన పిల్లల పుట్టినరోజులు ఎక్కడ జరుగుతున్నాయో ఒకసారి చూడండి. పిజ్జా, కేకు, చుట్టూ వందల యంత్రాలు. కార్డు గీస్తే దీపాలు వెలుగుతాయి, చక్రం గిర్రున తిరుగుతుంది, టికెట్లు బారులుగా బయటికొస్తాయి. ఆ టికెట్లు కౌంటర్లో ఇస్తే ఒక పెన్సిలో, రబ్బరు బల్లో, మరీ అదృష్టం బాగుంటే ఒక బొమ్మో ఇస్తారు. మరో మూల గాజుపెట్టెలో ఇనుప కొక్కెం ఎలుగుబంటి బొమ్మను పట్టినట్టే పట్టి జారవిడుస్తుంది. డబ్బు పెట్టాం, ఏమొస్తుందో తెలియదు, వస్తే బహుమతి. పందెం, అదృష్టం, బహుమతి అనే మూడూ ఒకచోట చేరితే దాన్ని జూదం అనాలని అమెరికా న్యాయశాస్త్రం చెబుతుంది. మరి మన పిల్లలు ఆడుతున్నది ఆటా, జూదమా?

ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. దీనికి మనుషులు వెతికిన జవాబుల్లో అన్నిటికంటే కచ్చితమైనది పద్నాలుగు వందల ఏళ్ళ క్రితం మక్కాతో ముడిపడి ఉంది. అందుకే ఈ వ్యాసాన్ని అక్కడి నుంచి మొదలుపెడుతున్నాను. నేను మతపండితుణ్ణి కాను, వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. మక్కా నగరంలోకి ముస్లిమేతరులకు ప్రవేశం లేదు; జెడ్డా నుంచి వెళ్ళే రహదారి మీద ఇతరులు పక్కదారి పట్టాలని చెప్పే బోర్డు ఉంటుంది. అయినా ఆ ఊరు మనకు మరీ పరాయిది కాదు. నిజాముల కాలంలో హైదరాబాదు యాత్రికుల కోసం అక్కడ రుబాత్ అనే వసతి గృహాలు ఏర్పాటు చేశారు. పాత హైదరాబాదు సంస్థానపు జిల్లాల వాళ్ళు హజ్‌కి వెళ్ళినప్పుడు వాటిలో బస చేసే సంప్రదాయం ఈనాటికీ ఉంది.

పది బాణాల ఆట

ఇస్లాంకి ముందు మక్కాలోనూ చుట్టుపక్కల అరబ్బు తెగల్లోనూ మైసిర్ అనే ఆట ఉండేది. ఒక ఒంటెను కొని కోసేవారు. పది బాణాలు ఒక సంచీలో వేసేవారు. వాటిలో ఏడు బాణాలకు వరసగా ఒకటి నుంచి ఏడు దాకా వాటాలు, మొత్తం 28. మిగిలిన మూడూ ఖాళీ బాణాలు. తీసిన బాణాన్ని బట్టి మాంసంలో వాటా దక్కేది. ఓడినవాళ్ళు ఒంటె ఖరీదు భరించాలి.

ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. గెలిచినవాడు ఆ మాంసాన్ని ఇంటికి తీసుకెళ్ళటం తక్కువతనం. బీదవాళ్ళకు పంచిపెట్టాలి. చలికాలంలో, కరువురోజుల్లో ఈ ఆట ఆడించేవాణ్ణి దాతగా పొగిడేవారు. ఆడనివాణ్ణి పిసినారి అని ఎగతాళి చేసేవారు. అంటే ఆ కాలపు మైసిర్ చీకటి గదిలో రహస్యంగా ఆడే ఆట కాదు. నలుగురి మధ్య, పదిమందికీ తిండి దొరికే సందర్భంలో, పుణ్యకార్యం పేరుతో జరిగిన పందెం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

బాణాలకు ఇంకో వాడకం కూడా ఉండేది. కాబాలోని హుబల్ విగ్రహం దగ్గర ఏడు బాణాలుండేవని, పెళ్ళి, ప్రయాణం, తగాదా వంటి విషయాల్లో వాటిని తీయించి నిర్ణయం తెలుసుకునేవారని ఇబ్న్ అల్ కల్బీ తన విగ్రహాల పుస్తకంలో రాశాడు. ఇది జూదం కాదు, సోది అడగటం లాంటిది. మహమ్మదు ప్రవక్త తాతగారైన అబ్దుల్ ముత్తలిబ్ తన కొడుకు అబ్దుల్లాను బలి ఇస్తానన్న మొక్కు నుంచి బయటపడటానికి అక్కడే బాణాలు తీయించాడని, ప్రతిసారీ పదేసి ఒంటెలు పెంచుతూ పోతే నూరు దగ్గర బాణం ఒంటెల వైపు వచ్చిందని సంప్రదాయ కథ.

పందెం గురించి మరో కథ ఉంది. 614లో పారశీకులు బైజాంటియం వాళ్ళ నుంచి జెరూసలేం పట్టుకున్నారు. రోమన్లు కొద్ది సంవత్సరాల్లోనే మళ్ళీ గెలుస్తారని మక్కాలో ఉండగా వెలువడిన ఖురాన్ వాక్యాలు చెప్పాయి. ఆ మాట మీద అబూబక్ర్ మక్కాకి చెందిన ఉబై ఇబ్న్ ఖలఫ్‌తో ఒంటెల పందెం కట్టాడని, పందెం నూరు ఒంటెల దాకా పెరిగిందని, గెలిచాక ఆ ఒంటెలను దానం చేయమని ప్రవక్త చెప్పారని హదీసు సంప్రదాయంలో ఒక కథనం ఉంది. అప్పటికి నిషేధం రాలేదు. జూదం మీద నిషేధం ఒక్కరోజులో వచ్చింది కాదని ఈ కథ వల్ల తెలుస్తుంది.

నిషేధం ఎలా వచ్చింది

మొదట వచ్చిన వాక్యం రెండో అధ్యాయంలో ఉంది. మద్యంలోనూ జూదంలోనూ జనానికి కొంత లాభం ఉన్నా, హాని ఆ లాభం కంటే పెద్దదని దాని సారం. ఇంజనీరుగా నాకు ఈ మాట చాలా ఇష్టం. లాభం లేదని బుకాయించకుండా, రెండింటినీ తూచి చూపించింది. తర్వాత ఐదో అధ్యాయంలో పూర్తి నిషేధం వచ్చింది. మనుషుల మధ్య శత్రుత్వం పెంచటం, దైవచింతన నుంచి మళ్ళించటం అందుకు చెప్పిన కారణాలు. ఈ వాక్యాలు మదీనా కాలానివి. 630లో మక్కా స్వాధీనమైనప్పుడు కాబాలోని విగ్రహాలను తీసేశారు. చేతిలో బాణాలు పట్టుకున్నట్టు ఇబ్రహీమును చిత్రించిన బొమ్మను కూడా తీయించారని హదీసు గ్రంథాలు చెబుతాయి.

మరి ఆటలన్నీ పోయాయా? పోలేదు. ఒంటెల పందెం, గుర్రపు పందెం, విలువిద్య అనే మూడింటికి బహుమతి పెట్టవచ్చని హదీసు ఉంది. ఇవి యుద్ధానికి పనికొచ్చే విద్యలు, అభ్యాసం కావాలి. పోటీదారులు తలా కాస్త వేసుకుని గెలిచినవాడు అంతా పట్టుకుపోతే జూదం, బయటివాడెవరైనా బహుమతి ఇస్తే కాదు అనే తేడాను తర్వాతి న్యాయవేత్తలు విపులంగా చర్చించారు. అంటే నైపుణ్యమా అదృష్టమా, డబ్బు ఎవరిది అనే రెండు ప్రశ్నలూ అప్పటికే పుట్టాయి. ఆ తర్వాతి చట్టాలన్నీ ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగాయి.

కౌటిల్యుడి దారి, సికింద్రాబాదు తీర్పు

మన దేశంలో దీనికి పూర్తి భిన్నమైన దారి ఒకటుంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ద్యూతాధ్యక్షుడు అనే ఉద్యోగి కనిపిస్తాడు. జూదమంతా ఒకేచోట జరగాలి, పాచికలు ప్రభుత్వం తరఫునే ఇవ్వాలి, గెలుపులో నూటికి 5 వంతులు ఖజానాకి పోవాలి, దొంగ పాచికలు వాడితే జరిమానా. ఆపలేనిదాన్ని కంటి ఎదుట ఉంచుకుని పన్ను వసూలు చెయ్యి అన్నది ఆయన నీతి. ఈనాటి నెవాడా గేమింగ్ అధికారులకు ఈ అధ్యాయం చదివి వినిపిస్తే తమ రూల్సు పుస్తకమే అనుకుంటారు.

నైపుణ్యం అన్న మాట మీద మన పురాణాల్లోనే ఒక చర్చ ఉంది. నలుడు ఓడింది అదృష్టం లేకనే అయితే, ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం నేర్చుకుని మళ్ళీ ఆడి గెలవటమేమిటి? పాచికల్లో కూడా విద్య ఉందన్నమాట. ఈ వాదన ఇరవయ్యో శతాబ్దంలో మన సికింద్రాబాదు నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

1963 మే నెలలో సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. లోపల కొందరు డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. నిజాం నాటి 1305 ఫసలీ హైదరాబాదు జూద నిరోధక చట్టం కింద కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టుకు చేరింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ సత్యనారాయణ అనే ఆ కేసులో జస్టిస్ హిదాయతుల్లా తీర్పు 1968 సంపుటాల్లో అచ్చయింది. మూడు ముక్కలాట కేవలం అదృష్టం. రమ్మీలో ఏ ముక్క పడిందో గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి కనుక అది ప్రధానంగా నైపుణ్యపు ఆట అని కోర్టు తేల్చింది. క్లబ్బు యజమాని ఆట మీద లాభం తీస్తే మాత్రం సంగతి వేరు అని కూడా అంది. జనం మొదటి సగాన్ని గుర్తుంచుకున్నారు, రెండో సగాన్ని మరచిపోయారు. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కూడా నైపుణ్యపు ఆటలకు మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు నీడలో మన పట్టణాల్లో రిక్రియేషన్ క్లబ్బులు పెరిగాయి. టెన్నిస్ కోర్టు ముందు, పేకాట గది వెనక. కుటుంబాల కోసమని పెట్టిన క్లబ్బుల్లో ఆడవాళ్ళూ పిల్లలూ అడుగుపెట్టే భాగం ఏటికేడు చిక్కిపోవటం మనలో చాలామంది చూశాం.

వీడియో గేమ్ పార్లర్ల కథ

ఎనభైల చివర, తొంభైల మొదట్లో చదువుకున్నవాళ్ళకు వీడియో గేమ్ పార్లర్లు బాగా గుర్తుంటాయి. రూపాయి బిళ్ళ వేసి, జాయ్‌స్టిక్ విరిగేలా తిప్పి, వెనకాల నలుగురు వంతు కోసం నిలబడి చూస్తుంటే ఆడటం. మన పిల్లల ఆర్కేడ్‌లకు అవే తాతలు. అదే సమయంలో పక్క రాష్ట్రాల్లో వీడియో యంత్రాల పేరుతో పేకముక్కలు, పళ్ళబొమ్మలు కనబడే పందెం యంత్రాలు కూడా అవే దుకాణాల్లోకి వచ్చాయి. పోలీసులు లైసెన్సు కావాలన్నారు, యజమానులు ఇవి ఆటలే అన్నారు.

శివానీ వర్సెస్ కర్ణాటక ప్రభుత్వం కేసులో 1995 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వీడియో ఆటల దుకాణాలను లైసెన్సు కిందికి తేవటం సబబే అంది. ఆ తీర్పులో నన్ను ఆకట్టుకున్నది ఒక సాంకేతిక సంగతి. యంత్రాన్ని లోపల మార్చేస్తే ఎంత నేర్పరి ఆడినా ఫలితం యజమాని చేతిలోనే ఉంటుందని కోర్టు గుర్తించింది. రమ్మీ ముక్కలు అందరి ఎదుటా పడతాయి. యంత్రం లోపలి సంగతి ఆడేవాడికి తెలియదు. సత్యనారాయణ కేసు నాటి నైపుణ్యం అనే గీటురాయి యంత్రం విషయంలో ఒంటరిగా చాలదని అక్కడ తేలింది. ఆ తర్వాత కంప్యూటర్లూ ఇంటర్నెట్ సెంటర్లూ ఇళ్ళలోకీ వీధుల్లోకీ వచ్చేసరికి ఆ పార్లర్లు కాలగర్భంలో కలిసిపోయాయి.

ఇదే సమయంలో గోవా వేరే దారి పట్టింది. 1992లో తన చట్టాన్ని సవరించి ఐదు నక్షత్రాల హోటళ్ళలో స్లాట్ యంత్రాలకు అనుమతి ఇచ్చింది, 1996లో ఓడల మీద కాసినోలకు కూడా. కౌటిల్యుడు తిరిగొచ్చినట్టయింది.

యంత్రం లోపల ఏముంది

స్లాట్ యంత్రానికి పుట్టిల్లు శాన్‌ఫ్రాన్సిస్కో. పందొమ్మిదో శతాబ్దం చివర్లో చార్లెస్ ఫే అనే మెకానిక్కు మూడు చక్రాల లిబర్టీ బెల్ యంత్రం తయారుచేశాడు. చక్రాల మీద బొమ్మలు లెక్కపెట్టి గెలిచే అవకాశం ఎంతో ఎవరైనా గుణించవచ్చు. ఒక్కో చక్రానికి 22 స్థానాలుంటే 22 మూడుసార్లు గుణిస్తే 10,648. జాక్‌పాట్ బొమ్మ చక్రానికి ఒకటే ఉంటే, అన్నిసార్లకు ఒకసారి అన్నమాట.

1984లో ఇంగె టెల్నాస్ అనే ఇంజనీరుకి ఒక పేటెంటు వచ్చింది. చక్రం ఎక్కడ ఆగాలో ముందు కంప్యూటరు యాదృచ్ఛిక సంఖ్యతో నిర్ణయిస్తుంది, తర్వాత చక్రం అక్కడ ఆగుతుంది. కంటికి కనిపించే చక్రం మీద 22 స్థానాలే ఉన్నా, లోపలి లెక్కలో 64 స్థానాలు పెట్టవచ్చు. అప్పుడు జాక్‌పాట్ అవకాశం 2,62,144లో ఒకటి. కన్ను ఒక లెక్క చూస్తుంది, యంత్రం ఇంకో లెక్క ఆడుతుంది. జాక్‌పాట్ బొమ్మకు ఒక గీత పైనో కిందో ఆగే స్థానాలకు ఎక్కువ సంఖ్యలు కేటాయిస్తే "అయ్యో, కొద్దిలో తప్పిపోయింది" అనిపించవచ్చు. పిల్లల ఆర్కేడ్‌లో కొక్కెం యంత్రం కూడా ఈ బాపతే. ఆ కొక్కెం పట్టు ఎంత బిగువుగా ఉండాలో యజమాని సెట్ చేసుకునే వీలున్న యంత్రాలు బజార్లో ఉన్నాయి. పిల్లవాడు తన చెయ్యి సరిగా తిరగలేదనుకుని ఇంకో డాలరు అడుగుతాడు.

న్యూయార్క్‌లో పిన్‌బాల్ చరిత్ర దీనికి తిరగేసిన కథ. మేయర్ లాగ్వార్డియా 1942లో పిన్‌బాల్ యంత్రాలను నిషేధించి సుత్తులతో పగలగొట్టించాడు. అప్పటి యంత్రాలకు ఫ్లిప్పర్లు లేవు, బంతి ఎక్కడ పడితే అక్కడే. 1947లో గాట్లీబ్ కంపెనీ ఫ్లిప్పర్లు పెట్టాక ఆట స్వభావమే మారిపోయింది. అయినా నిషేధం 1976 దాకా ఉంది. ఆ ఏడు రోజర్ షార్ప్ అనే యువకుడు నగర కౌన్సిల్ ముందు ఆడి, బంతి ఎటు వెళ్తుందో ముందే చెప్పి కొట్టి చూపించాక ఎత్తేశారు. యంత్రం మారిన 29 ఏళ్ళకు చట్టం మారింది. ఆ మరుసటి ఏడే, 1977లో, అటారీ స్థాపకుడు నోలన్ బుష్నెల్ శాన్‌హోజేలో పిజ్జా, బొమ్మల నాటకం, ఆట యంత్రాలు కలిపి తొలి చక్ ఈ చీజ్ తెరిచాడు. ఆట యంత్రాలంటే బార్లు, తాగుబోతులు అనే పేరు పోగొట్టి కుటుంబాలను రప్పించటమే దాని ఉద్దేశం.

చట్టం గురి తప్పితే

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. జూదం యంత్రాల చట్టాలు చాలావరకు అలాంటివే. అవి మొరిగినప్పుడు కూడా చాలాసార్లు ఇంట్లోవాళ్ళ మీదే పడతాయి.

టెక్సస్ శిక్షాస్మృతిలో ఒక మినహాయింపు ఉంది. నగదు కాకుండా వస్తువు రూపంలో ఇచ్చే బహుమతి, ఆట ఖరీదుకు పది రెట్లు లేదా 5 డాలర్లు, ఏది తక్కువైతే అది దాటకపోతే జూదం కాదు. బొచ్చు బొమ్మల కోసం పెట్టిన రూలు కనుక దానికి బొచ్చు బొమ్మల మినహాయింపు అనే పేరొచ్చింది. ఉద్దేశం పిల్లల ఆర్కేడ్‌లను కాపాడటం. ఆ సందులోంచి దూరింది ఎయిట్ లైనర్ అనే పెద్దవాళ్ళ పందెం యంత్రాలు. ఆ యంత్రాలున్న గదుల మీద దాడులు, కోర్టు కేసులు ఏళ్ళ తరబడి సాగుతూ వచ్చాయి.

ఫ్లోరిడా కథ ఇంకా ముఖ్యం. అక్కడ మాజీ సైనికుల సహాయం పేరు పెట్టుకున్న అలైడ్ వెటరన్స్ అనే సంస్థ ఇంటర్నెట్ కేఫ్‌లు నడిపింది. కంప్యూటరు తెర మీద స్లాట్ ఆటలు, పేరు మాత్రం స్వీప్‌స్టేక్స్. 2013 మార్చిలో అరెస్టులు జరిగాయి. వసూళ్ళలో సైనికులకు చేరింది చాలా చిన్న వాటా అని అధికారులు ఆరోపించారు. గతంలో ఆ సంస్థకు ప్రచార సలహాదారుగా ఉన్న రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్ రాజీనామా చేశారు. ఆమె మీద నేరారోపణ ఏదీ రాలేదు. నెల తిరగకుండా శాసనసభ హడావిడిగా ఒక చట్టం చేసింది. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పుపెట్టినట్టు, ఆ చట్టంలోని మాటలు పిల్లల ఆర్కేడ్‌లకు కూడా తగిలాయి. నాణెం వేసే యంత్రాలకే రక్షణ అని రాశారు, అప్పటికే ఆర్కేడ్‌లు కార్డులకు మారిపోయాయి. బహుమతి విలువకు ఆటకు 75 సెంట్ల పరిమితి. డబ్బు కార్డులో వేసుకుని గీస్తే నేరమా అన్న అనుమానంలో కుటుంబ వినోద కేంద్రాలు రెండేళ్ళు గడిపాయి. 2015లో ఫ్యామిలీ అమ్యూజ్‌మెంట్ గేమ్స్ చట్టం చేసి కార్డులనూ టోకెన్లనూ అనుమతించి, ఆ పరిమితిని 5 డాలర్లు దాటించాక గాని సమస్య తీరలేదు.

దక్షిణ కొరియాలో 2006లో సముద్ర కథ అనే అర్థం వచ్చే పేరుగల యంత్రం దేశాన్ని కుదిపేసింది. గెలిస్తే గిఫ్టు కూపన్లు ఇస్తారు, పక్క కొట్టులో వాటిని నగదు చేసుకోవచ్చు. గగ్గోలు లేచాక వచ్చిన కఠిన నిబంధనల్లో మామూలు ఆర్కేడ్‌లు కూడా నలిగిపోయాయి. బ్రిటన్ మాత్రం తక్కువ పందెం యంత్రాలను పిల్లల కేంద్రాల్లో ఉంచి, పరిమితులు రాసిపెట్టింది: కొక్కెం యంత్రానికి పందెం 1 పౌండు, బహుమతి 50 పౌండ్లు దాటకూడదు. నెవాడా 1968లో సర్కస్ సర్కస్‌లో కింద కాసినో, పైన పిల్లల ఆటలు పెట్టి చూసింది. 1993లో ఎంజీఎం గ్రాండ్ వెనకాల పిల్లల కోసం ఒక థీమ్ పార్కు కూడా కట్టారు. అది పదేళ్ళు కూడా నిలవలేదు.

మక్కా ఇవాళ

సౌదీ అరేబియాలో కాసినోలు గాని, జూదం యంత్రాలు గాని లేవు. కనుక ఆ యంత్రాల బెడద కుటుంబ వినోదానికి అసలు ఉండకూడదు. కానీ చరిత్ర అంత తిన్నగా సాగలేదు. 1979 నవంబరు 20న జుహైమాన్ అల్ ఉతైబీ అనుచరులు మక్కాలోని మహామసీదును ఆక్రమించారు. వాళ్ళను వెళ్ళగొట్టటానికి రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత ప్రభుత్వం మతాధికారుల మాటకు మరింత బలమిచ్చింది, 1980ల మొదట్లో సినిమా హాళ్ళు మూతపడ్డాయి. జూదంతో సంబంధమే లేని వినోదం కూడా అనుమానపు నీడలోకి వెళ్ళింది. మన గల్ఫ్ తెలుగువాళ్ళకు ఆ రోజులు బాగా తెలుసు: మాల్‌లో పిల్లల ఆటల అంతస్తు, సముద్రం ఒడ్డున దుప్పటి పరుచుకుని బిర్యానీ, సినిమా చూడాలంటే 1986లో తెరిచిన వంతెన దాటి బహ్రెయిన్.

2001లో సౌదీ మతాధికారులు పోకెమాన్ కార్డులను, ఆటలను నిషేధించారు. చెప్పిన కారణాల్లో ఒకటి జూదం పోలిక: పిల్లలు కార్డులు మార్చుకుంటూ, వాటికి వందల విలువ కడుతున్నారని. అప్పట్లో ప్రపంచం నవ్వింది. ఆ తర్వాత 2018లో బెల్జియం జూద నియంత్రణ సంస్థ, వీడియో ఆటల్లో డబ్బు పెట్టి ఏముందో తెలియని పెట్టెలు కొనటం జూదమేనని తేల్చింది. ఆ నిషేధానికి చెప్పిన మిగతా కారణాలతో నాకు ఏకీభావం లేదు గాని, ఏమొస్తుందో తెలియకుండా డబ్బు పెట్టడం గురించి ఆ పండితులు పట్టుకున్న పాయింటు అసలైనదే.

2016లో అక్కడ జనరల్ ఎంటర్‌టైన్‌మెంట్ అథారిటీ ఏర్పడింది. 2018 ఏప్రిల్ 18న రియాద్‌లో సినిమా హాలు మళ్ళీ తెరుచుకుంది. 2020లో మొదలైన సౌదీ కప్ గుర్రప్పందెంలో ప్రధాన పోటీ బహుమతి 2 కోట్ల డాలర్లు. అయినా ప్రేక్షకుడు మైదానంలో ఒక్క రియాలు కూడా పందెం కాయటానికి లేదు. పద్నాలుగు వందల ఏళ్ళ నాటి గీతే అది: బహుమతి బయటివాడిది, పోటీ నైపుణ్యానిది. పక్కనున్న ఎమిరేట్స్ 2023లో జూద నియంత్రణ సంస్థ పెట్టి కాసినోకి లైసెన్సు కూడా ఇచ్చింది. ఒకే ఎడారిలో రెండు దారులు.

మన ఇంటి దాకా

తెలుగు రాష్ట్రాల్లో ఈ చర్చ కన్నీళ్ళతో ముగిసింది. ఫోన్ వచ్చాక రమ్మీ గది జేబులోకి వచ్చేసింది. క్లబ్బుకి వెళ్ళేవాణ్ణి ఊరు చూసేది, భార్యకు కబురు చేరేది. పక్కమీద పడుకుని ఫోన్‌లో ఓడేవాణ్ణి ఎవరూ చూడరు. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న యువకుల వార్తలు పేపర్లలో మామూలైపోయాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధించాయి. సికింద్రాబాదు తీర్పు ఇచ్చిన నైపుణ్యపు గొడుగును తెలంగాణ తన చట్టంలోంచి తీసేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌నీ పందెం లేని ఆటలనూ ప్రోత్సహిస్తూ చట్టం చేసింది.

ఇక అమెరికాలో మన సంగతి. దీపావళి పేకాట మనకు సరదా. సంఘానికో, గుడికో, ఊళ్ళో బడికో విరాళం కోసం కాసినో నైట్ పెట్టడం, రాఫిల్ టికెట్లు అమ్మటం మనలో కొన్నిచోట్ల అలవాటైంది. ఉద్దేశం మంచిదే. కానీ పది బాణాల ఆటను ఒకసారి తలుచుకోండి. మాంసం బీదలకే పోయేది. ఫ్లోరిడా కేఫ్‌ల బోర్డు మీద సైనికుల సహాయమే రాసి ఉంది. జూదానికి దానం మించిన ముసుగు ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. లాభం ఉందని ఒప్పుకుంటూనే హానిని పక్కన పెట్టి తూచిన ఆ పాత వాక్యం మన కార్యవర్గాలకు కూడా పనికొచ్చే కొలత. పిల్లలు తిరిగే హాల్లో తల్లిదండ్రులు నకిలీ చిప్స్‌తో బ్లాక్‌జాక్ ఆడుతుంటే, వాళ్ళ కంటికి కనిపించేది జూదమే. అది విరాళమని చెప్పే బోర్డు వాళ్ళు చదవరు. పైగా చారిటీ రాఫిల్‌కి, కాసినో నైట్‌కి చాలా రాష్ట్రాల్లో లైసెన్సు, రిజిస్ట్రేషన్ నిబంధనలుంటాయి. కార్యక్రమం ప్రకటించేముందు ఒక లాయరుని అడగటం సంఘానికి చవక.

అలాగని పిల్లల్ని ఆర్కేడ్‌లకు తీసుకెళ్ళొద్దని నేను చెప్పటం లేదు. తీసుకెళ్ళినప్పుడు వాళ్ళతో కలిసి ఒక లెక్క వేయండి. పెట్టిన డాలర్లు ఎన్ని, వచ్చిన టికెట్లు ఎన్ని, ఆ బొమ్మ దుకాణంలో ఎంత? ఏ యంత్రంలో చేతి నేర్పు పనిచేస్తుంది, ఏ యంత్రంలో చెయ్యి ఊరికే ఉంది? పదేళ్ళ పిల్లకు భిన్నాలూ శాతాలూ వస్తే ఈ లెక్క చాలు. పిన్‌బాల్ ఫ్లిప్పరుకీ, తిరిగే చక్రానికీ తేడా ఒకసారి అర్థమైన పిల్ల రేపు ఫోన్‌లో వచ్చే రంగుల పెట్టెను చూసి అంత తేలిగ్గా మోసపోదు.

నిషేధించిన మక్కా, లైసెన్సు ఇచ్చిన కౌటిల్యుడు, నైపుణ్యం తూచిన సుప్రీంకోర్టు, బహుమతికి ధర కట్టిన టెక్సస్ తలా ఒక దారి చూపించారు. ఏ దారిలోనైనా చట్టం యంత్రం వెనకాలే నడిచింది. యంత్రం తయారుచేసేవాళ్ళలో, దాని సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళలో ఇవాళ మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ సభల్లో మన పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళే కావచ్చు. చట్టం వచ్చేలోపు ఆ లోపలి లెక్క తెలిసినవాళ్ళం మనమే కనుక, దాన్ని మన పిల్లలకు చెప్పే బాధ్యత కూడా మనదే.